మోటార్‌హోమ్ ఫ్రిజ్ కరెంటు మీద చల్లబడుతోంది, గ్యాస్ మీద మాత్రం చల్లబడటం లేదు

బాటసారి:
సభ్యులందరికీ నమస్కారం. మా మోటార్‌హోమ్‌లో ఉన్నది గ్యాస్‌తోనూ, 230 వోల్టుల కరెంటుతోనూ, బండి నడుస్తున్నప్పుడు 12 వోల్టుల బ్యాటరీతోనూ పనిచేసే ఫ్రిజ్. పదకొండేళ్ల క్రితం బండితోపాటే వచ్చింది. విడిదిలో కరెంటు తీగ తగిలించి రాత్రంతా ఉంచితే తెల్లవారేసరికి లోపల 4 డిగ్రీలు చూపిస్తోంది. గ్యాస్ మీద పెట్టినప్పుడు మాత్రం ఇరవై గంటలు గడిచినా 13 డిగ్రీల కంటే కిందికి దిగడం లేదు. మంట మొదటిసారికే అంటుకుంటోంది, మధ్యలో ఆరిపోవడం కూడా లేదు. ఒక మరమ్మతు దుకాణంలో చూపిస్తే, లోపల గ్యాస్ అయిపోయిందని, మళ్లీ నింపించాలని, అలా కుదరకపోతే ఫ్రిజ్ మొత్తం మార్చుకోవాలని చెప్పారు. మా నాన్నగారి ఇన్సులిన్ ఇందులోనే పెడతాము కాబట్టి ఈ విషయాన్ని తేలికగా తీసుకోలేకపోతున్నాను. అనుభవజ్ఞులు దారి చూపించగలరని ఆశిస్తున్నాను.

నీలిమంట:
బాటసారి గారూ, ముందుగా ఒక్క మాట. దయచేసి ఫ్రిజ్ మార్చకండి, గ్యాస్ నింపించడానికి డబ్బు కూడా ఇవ్వకండి. ఇంట్లో వాడే కంప్రెసర్ ఫ్రిజ్‌కు గ్యాస్ నింపుతారు కాబట్టి అదే మాట దీనికీ వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. మీ ఫ్రిజ్‌లోని శీతలీకరణ గొట్టాలను తయారీ సమయంలోనే వెల్డింగ్ చేసి పూర్తిగా మూసేస్తారు. మరమ్మతు దుకాణంలో మళ్లీ నింపేందుకు అవి తయారుచేసినవి కావు. సిలిండర్ నుంచి వచ్చే వంటగ్యాస్ ఆ గొట్టాలలోకి వెళ్లదు, బయట మంటగా మండి బాయిలర్‌ను వేడి చేయడమే దాని పని.

ఇక మీరు చెప్పిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. గ్యాస్ మంట, 230 వోల్టుల హీటరు, 12 వోల్టుల హీటరు వేడి చేసేది ఒకే బాయిలర్‌ను. కరెంటు మీద 4 డిగ్రీలు వస్తున్నదంటే లోపలి అమ్మోనియా, నీరు, హైడ్రోజన్ అన్నీ క్షేమంగా ఉన్నట్టే. లోపం వేడి అందించే వైపు, అంటే బర్నర్, జెట్ (బర్నర్‌లోకి గ్యాస్‌ను కొలతగా వదిలే సన్నని రంధ్రం ఉన్న చిన్న భాగం), పొగగొట్టం, గ్యాస్ పీడనం, ఈ నాలుగింటిలో ఎక్కడో ఉంది. బయటి వైపు కింది జాలీ తీసి మంట ఏ రంగులో ఉన్నదో, పొగగొట్టాన్ని చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారో చెప్పగలరా?

ప్రయోగశాల:
నీలిమంట గారు చెప్పినదానికి కొంచెం వెనుక కథ జోడిస్తాను, ఎందుకంటే ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే సంరక్షణ నియమాలు వాటంతట అవే గుర్తుంటాయి. స్టాక్‌హోమ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటెర్స్ అనే ఇద్దరు విద్యార్థులు 1922లో రూపొందించిన పద్ధతి ఇది. తిరిగే భాగం ఒక్కటీ లేకుండా, కేవలం వేడితో చల్లదనం పుట్టించడం వారి ఘనత, నూరేళ్లు దాటినా మూలసూత్రం మారలేదు.

బాయిలర్‌లో అమ్మోనియా కలిసిన నీరు వేడెక్కినప్పుడు బుడగలు పుట్టి, సన్నని పంపు గొట్టంలో ద్రవాన్ని పైకి నెడతాయి. వేరుపడిన అమ్మోనియా ఆవిరి పైనున్న కండెన్సర్‌లో వేడిని గాలికి వదిలి ద్రవమవుతుంది. ఆ ద్రవం హైడ్రోజన్ ఉన్న ఆవిరి గదిలోకి దిగగానే, అక్కడ అమ్మోనియా పాక్షిక పీడనం (వాయువుల మిశ్రమంలో దాని వాటాకు వచ్చే పీడనం) తక్కువగా ఉండటం వల్ల మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని లాగేసుకుంటుంది. తరువాత నీరు ఆ అమ్మోనియాను పీల్చుకుంటుంది, తేలికైన హైడ్రోజన్ తిరిగి పైకి పోతుంది. ద్రవాలన్నీ కిందికి జారేది కేవలం భూమ్యాకర్షణ వల్లనే కాబట్టి, బండి వాలుగా నిలిచి ఉంటే ద్రవం గొట్టాల వంపుల్లో ఆగిపోతుంది. బాయిలర్‌కు ద్రవం అందదు, మంట మాత్రం మండుతూనే ఉంటుంది. అలా ఎండిన బాయిలర్ అతిగా వేడెక్కితే, తుప్పు పట్టకుండా కలిపిన సోడియం క్రోమేట్ విడిపోయి, గట్టి పలుకులుగా మారి, ఆ సన్నని పంపు గొట్టాన్ని మూసేస్తుంది. ఆ నష్టానికి తిరుగు లేదు. అందుకే గంటల తరబడి నిలిపేటప్పుడు మేస్త్రీలు వాడే రసమట్టాన్ని ఫ్రిజ్ లోపల, మంచుగది నేలమీద పెట్టి చూడండి. ఇటీవలి నమూనాలలో అనేకం పక్కలకు 3 డిగ్రీలు, ముందు వెనుకలకు 6 డిగ్రీల వరకు వాలును తట్టుకుంటాయి, పాతవి అంత ఓర్చుకోవు. బండి నడుస్తున్నప్పుడు వాలు అటూ ఇటూ మారుతూ ఉంటుంది కాబట్టి ఈ భయం అంతగా అక్కరలేదు.

బాటసారి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు జాలీ తీసి చూశాను. మంట అడుగున నీలంగా ఉన్నా కొసలు పసుపు రంగులో, నిలకడ లేకుండా ఊగుతున్నాయి. బర్నర్ మీద గోధుమరంగు పొట్టు లాంటిది పడి ఉంది. పొగగొట్టాన్ని ఈ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా శుభ్రం చేయించలేదు. అది చేయించవలసిన పని అన్న సంగతే నాకు తెలియదు. రసమట్టం చూశాను, బండి సమంగానే నిలిచి ఉంది.

నీలిమంట:
దొరికింది, బాటసారి గారూ. ఆ గోధుమరంగు పొట్టు పొగగొట్టం లోపలి తుప్పు. ప్రయాణంలోని కుదుపులకు రాలి నేరుగా కిందనున్న బర్నర్ మీద పడుతుంది. గాలి సరిగా కలవక మంట పసుపు రంగుకు తిరుగుతుంది, పసుపు మంట మసిని పుట్టిస్తుంది, ఆ మసి పొగగొట్టాన్ని ఇంకా ఇరుకు చేస్తుంది. అసంపూర్ణంగా మండే గ్యాస్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుందన్నది అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. మీ ఫ్రిజ్ వెనుక భాగానికీ నివాసపు గదికీ మధ్య ఎక్కడైనా సందు ఉంటే అది లోపలికి వస్తుంది. పని పూర్తయ్యేవరకు ఫ్రిజ్‌ను గ్యాస్ మీద నడపకండి. బండిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ వారంలోనే పెట్టించండి.

శుభ్రం చేసే క్రమం చెబుతాను. సిలిండర్ వాల్వు మూసి, కరెంటు, బ్యాటరీ రెండూ తప్పించి, బాయిలర్ పూర్తిగా చల్లారేవరకు ఆగాలి. పొగగొట్టం పైభాగాన మూత తీస్తే లోపల మెలితిరిగిన సన్నని రేకు ఒకటి తీగకు వేలాడుతూ కనిపిస్తుంది. వేడి గాలి నేరుగా పైకి పారిపోకుండా సుడి తిరుగుతూ బాయిలర్ గోడకు తగిలేలా చేసేది అదే. దాన్ని పైకి తీసి, మసి గీకి, తీగ పొడవు మార్చకుండా పక్కన పెట్టండి. ఆ రేకు ఉండవలసిన ఎత్తు కంటే పైన గానీ కింద గానీ వేలాడితే మంట ఎంత బాగున్నా ఫ్రిజ్ చల్లబడదు. ఆ తరువాత బర్నర్‌ను తడిగుడ్డతో కప్పి, పొగగొట్టం వ్యాసానికి సరిపడే గుండ్రటి బ్రష్‌ను పైనుంచి కిందికి నాలుగైదు సార్లు ఆడించాలి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి.

తరువాత బర్నర్. దాని చీలికలను మెత్తని బ్రష్‌తో తుడిచి, ఊదుడు గాలితో లోపలినుంచి దుమ్ము వదిలించాలి. లోపల సాలెగూడు ఉన్నదేమో తప్పక చూడండి, బండి కొన్ని నెలలు కదలకుండా ఉంటే సాలీళ్లు ఆ గొట్టంలో గూడు కడతాయి. నిప్పురవ్వతో మంట అంటించే ఇగ్నిషన్ ఎలక్ట్రోడ్ కొనకూ బర్నర్‌కూ మధ్య దూరం సాధారణంగా 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఉండాలి. మంట ఆరితే గ్యాస్ ఆగిపోయేలా చేసే థర్మోకపుల్ కొన మంటలో మునిగి ఉండాలి, మసి పట్టి ఉంటే సున్నితంగా తుడవాలి.

జెట్ విప్పాలంటే గ్యాస్ గొట్టం కీలు విప్పక తప్పదు. ఆ భాగాన్ని అర్హత ఉన్న గ్యాస్ పనివారి చేత చేయించండి. బిగించిన ప్రతిచోటా లీకు పరీక్ష జరగాలి. ఆ పరీక్షకు ఇంట్లోని శుభ్రపరిచే ద్రావణాలు వాడకూడదు, ఎందుకంటే వాటిలో అమ్మోనియా ఉంటే ఇత్తడి కీళ్లు క్రమంగా పగుళ్లు తీస్తాయి. లీకు పరీక్ష కోసమే తయారుచేసిన ద్రావణం దొరుకుతుంది. అగ్గిపుల్ల మాత్రం ఎప్పుడూ, ఎవ్వరూ, ఎంత తొందరలో ఉన్నా దగ్గరికి తీసుకురాకూడదు.

దూరతీరం:
జెట్ విషయంలో నేను చేసిన తప్పు చెబుతాను, మరొకరు చేయకుండా ఉంటారు. మూడేళ్ల క్రితం మాకూ ఇదే సమస్య వచ్చింది. జెట్ రంధ్రం మూసుకుపోయిందనుకొని కుట్టుసూదితో గుచ్చి శుభ్రం చేశాను. మంట బాగా పెద్దదైంది, చాలా సంతోషించాను. నెల తిరగకముందే పొగగొట్టం నిండా మసి పేరుకుంది, ఫ్రిజ్ వెనుక గోడ నల్లబడింది. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాస్ మోతాదు మారిపోతుందని, కొన్ని జెట్లలో రంధ్రం చుట్టూ కెంపు లాంటి రాయి పొదిగి ఉంటుందని, సూది గుచ్చితే అది పగులుతుందని తరువాత తెలిసింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గంటసేపు నానబెట్టి, గాలికి ఆరనివ్వడం ఒక్కటే సరైన పద్ధతి. అప్పటికీ దీపానికి ఎదురుగా పెట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా కనిపించకపోతే, అదే సంఖ్య ముద్రించిన కొత్త జెట్ వేయడం మేలు. చిన్న వస్తువు, దాని కోసం ఫ్రిజ్‌ను పణంగా పెట్టకూడదు.

కొండదారి:
అందరూ బర్నర్ దగ్గరే ఆగారు, పీడనం సంగతి మరవకూడదు. ఫ్రిజ్ తలుపు లోపల అతికించిన పట్టీ మీద ఎంత పీడనం కావాలో రాసి ఉంటుంది. ఇటీవలి యూరప్ నమూనాలలో అది 30 మిల్లీబార్లు. రెగ్యులేటర్ పాతబడి పీడనం తగ్గితే, పొయ్యి ఒక్కటే వెలిగించినప్పుడు అంతా బాగున్నట్టే ఉంటుంది, పొయ్యీ హీటరూ ఫ్రిజ్ కలిసి నడిచినప్పుడు మాత్రం ఫ్రిజ్ మంట కుంచించుకుపోతుంది. కాబట్టి పీడనాన్ని మిగతా పరికరాలు వెలిగించి ఉంచి కొలిపించండి.

చలి ప్రాంతాలకు వెళ్లేవారు ఇంకొకటి గమనించాలి. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మాత్రం మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతూనే ఉంటుంది. చలిరాత్రి ఫ్రిజ్ ఆరిపోయిందంటే తప్పు ఫ్రిజ్‌ది కాకుండా సిలిండర్‌లో ఉన్న గ్యాస్‌ది కావచ్చు. ఎత్తు కూడా ప్రభావం చూపుతుంది. సముద్రమట్టానికి 1000 మీటర్ల పైన గాలి పలుచబడి మంట మొరాయించవచ్చు, అటువంటి చోట్ల కరెంటు దొరికితే దానికి మార్చుకోవడం మంచిది.

మా ఇంట్లో మరొక కట్టుబాటు ఉంది. ఇంధనం పోయించుకునే చోటికి చేరకముందే ఫ్రిజ్ గ్యాస్ ఆపేస్తాము. కొన్ని ఫ్రిజ్‌లు బండి ఆగగానే 12 వోల్టుల నుంచి గ్యాస్‌కు వాటంతట అవే మారతాయి, పెట్రోలు ఆవిరి ఉన్నచోట మంట అంటుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

చక్రాలగూడు:
కొండదారి గారూ, 12 వోల్టుల ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా ఫ్రిజ్ ప్రయాణంలో బ్యాటరీ మీద ఉన్నప్పుడు చల్లదనం నిలుపుకోవడమే కష్టంగా ఉంది. హీటరు పాడైనట్టేనా?

కొండదారి:
తప్పనిసరిగా హీటరే కానక్కరలేదు. మల్టీమీటరుతో రెండు కొలతలు తీసుకోండి. తీగలు విప్పి హీటరు నిరోధం చూస్తే, 120 వాట్ల 12 వోల్టుల హీటరు దాదాపు 1.2 ఓములు చూపాలి. 230 వోల్టుల 125 వాట్ల హీటరు అయితే సుమారు 420 ఓములు చూపాలి. కొలత అంతులేనంతగా వస్తే తీగ లోపల తెగినట్టు. రెండవది, ఇంజన్ నడుస్తుండగా ఫ్రిజ్ వెనుక తీగల మొన దగ్గర వోల్టేజి చూడండి. సన్నని పొడవైన తీగల వల్ల అక్కడికి 10.5 వోల్టులే అందుతుంటే, 120 వాట్ల హీటరు 92 వాట్లే ఇస్తుంది, ఎందుకంటే వేడి వోల్టేజి వర్గాన్ని అనుసరించి పడిపోతుంది. చాలా బండ్లలో జబ్బు ఇదే, లావుపాటి తీగ వేయిస్తే తీరిపోతుంది. ఇంజన్ ఆపి 12 వోల్టుల మీద వదిలేస్తే గంటకు 10 ఆంపియర్-గంటలు లాగి, ఒక్క రాత్రిలో బ్యాటరీని ఖాళీ చేస్తుందన్నదీ గుర్తుంచుకోండి.

బాటసారి:
వారం తరువాత తిరిగి రాస్తున్నాను. గ్యాస్ పనివారు వచ్చి జెట్ విప్పి నానబెట్టారు, మిగిలినదంతా నేనే మీరు చెప్పిన క్రమంలో చేశాను. పొగగొట్టం నుంచి దోసెడు తుప్పు, మసి రాలాయి. మెలిరేకు తీగ కొక్కెం నుంచి సగం జారి, ఉండవలసిన చోటు కంటే కిందికి వేలాడుతూ ఉన్నది. పీడనం సరిగానే ఉందని కొలిచి చెప్పారు. ఇప్పుడు మంట గట్టిగా, నిలకడగా, పూర్తి నీలంగా ఉంది. నిన్న సాయంత్రం గ్యాస్ మీద మొదలుపెట్టగా ఈ ఉదయానికి 5 డిగ్రీలు చూపించింది. నీలిమంట గారికి నేను ఎంతో రుణపడి ఉన్నాను.

ఒక సందేహం మిగిలింది. మిట్టమధ్యాహ్నం బయట 36 డిగ్రీలు ఉన్నప్పుడు లోపల 9కి చేరింది, సాయంత్రానికి మళ్లీ దిగింది. గ్యాస్ మీదే కాదు, కరెంటు మీద కూడా అలాగే జరుగుతోంది. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కదా.

గాలివాటం:
కరెంటు మీద కూడా అదే జరుగుతున్నదంటే ఇక మంటతో పని లేదు, వెనుక గాలి ఆడటం లేదు. లోపలినుంచి తీసిన వేడిని కండెన్సర్ గాలిలోకి వదలాలి. కింది జాలీ నుంచి చల్లగాలి వచ్చి, వేడెక్కి, పై జాలీ నుంచి పోవాలి. ఫ్రిజ్ వెనుక గోడకూ కండెన్సర్ రెక్కలకూ మధ్య సందు ఎక్కువైతే గాలి రెక్కలను తాకకుండా పక్కనుంచి వెళ్లిపోతుంది. ఆ సందు సుమారు 25 మిల్లీమీటర్లకు మించకుండా, గాలిని రెక్కల వైపు మళ్లించే రేకు ఒకటి గోడకు వాలుగా బిగించండి. ఫ్రిజ్ పైకప్పు మీద ఖాళీ ఉంటే అక్కడ వేడిగాలి గూడు కట్టుకుంటుంది, దాన్ని పై జాలీ అంచు వరకు వాలుగా మూసేయండి. ఆ పనికి మండే పదార్థాలు వాడవద్దు.

ఇంత చేసినా చాలకపోతే కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల చిన్న ఫ్యాన్లు రెండు, కండెన్సర్ కింద పైకి వీచేటట్టు, వేడెక్కినప్పుడే తిరిగే థర్మోస్టాట్‌తో పెట్టవచ్చు. బర్నర్ దగ్గర మాత్రం పెట్టవద్దు, ఆ గాలికి మంట ఊగుతుంది.

నీలిమంట:
ఫ్యాన్లతో మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. గాలిదారి సరిగా లేనిచోట ఫ్యాను వేడిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. ముందు గాలివాటం గారు చెప్పిన రేకులు బిగించి చూడండి, ఫ్యాను అవసరం రాకపోవచ్చు. ఇంకొకటి, ఎండపూట ఫ్రిజ్ ఉన్న పక్క నీడలో ఉండేటట్టు బండిని నిలపండి. శీతకాలంలో జాలీలకు తొడిగే మూతలు ఇంకా అలాగే ఉండిపోలేదు కదా?

ఇల్లాలు:
లోపలి వాడకం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ఈ ఫ్రిజ్‌లు నెమ్మదిగా పనిచేస్తాయి. బయలుదేరే ముందు రోజే వేసి, ఇంట్లో చల్లబరిచిన వస్తువులనే పెట్టాలి. వేడి గిన్నె ఒక్కటి పెడితే కోలుకోవడానికి సగం రోజు పడుతుంది. అరల మీద కాగితాలు పరిచి గాలి దారిని మూయకూడదు. ఫ్రిజ్ లోపల వెనుకనున్న చల్లని రెక్కల మీద మంచు 3 మిల్లీమీటర్లు దాటితే ఫ్రిజ్ ఆపి కరిగించాలి, కత్తితో గీకితే లోపలి గొట్టానికి చిల్లు పడవచ్చు. తలుపు రబ్బరును పరీక్షించడానికి ఒక కాగితం మధ్యలో పెట్టి తలుపు వేయండి, లాగితే సులభంగా జారివస్తే అక్కడ చల్లదనం పోతున్నట్టే. ఇన్సులిన్‌ను ఆ రెక్కలకు ఆనించి పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. చిన్న డబ్బాలో, మధ్య అరలో, పక్కన ఒక గ్లాసు నీటిలో థర్మామీటరు ముంచి పెడితే తలుపు తీసినప్పుడల్లా మారిపోని నిజమైన లెక్క తెలుస్తుంది.

కొత్తబండి:
ఈ చర్చ చదివాక మా ఫ్రిజ్ వెనుక చూశాను. గొట్టం కీలు దగ్గర పసుపు పొడి పేరుకుని ఉంది, జాలీ తీయగానే ఘాటైన వాసన ముక్కుకు తగిలింది. కరెంటు మీద కూడా చల్లబడటం లేదు. ఇది కూడా శుభ్రం చేస్తే పోతుందా?

ప్రయోగశాల:
కొత్తబండి గారూ, పోదు. వెంటనే గ్యాస్, కరెంటు, బ్యాటరీ మూడూ ఆపి, కిటికీలు తెరవండి. ఆ వాసన అమ్మోనియాది, ఆ పసుపు పొడి సోడియం క్రోమేట్‌ది. క్రోమేట్ క్యాన్సర్ కారకం కాబట్టి చేత్తో ముట్టుకోవద్దు, ఊడ్చి దుమ్ము లేపవద్దు. అమ్మోనియాతోపాటు హైడ్రోజన్ కూడా బయటికి వస్తుంది, పక్కన మంట ఉంటే అంటుకుంటుంది. గొట్టానికి అతుకు వేస్తామని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి. శీతలీకరణ విభాగం మొత్తం మార్చడమో, ఫ్రిజ్ మార్చడమో తప్ప మరో దారి లేదు.

కొత్తబండి:
అన్నీ ఆపేశాను. ఫ్రిజ్‌ను తలకిందులు చేసి ఒక రోజు ఉంచితే బాగవుతుందని మరొకరు చెప్పారు. అది నిజమేనా?

ప్రయోగశాల:
ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉండి, లోపల ద్రవాలు పేరుకుపోయిన కొన్ని ఫ్రిజ్‌లు ఆ పద్ధతితో కోలుకున్న సందర్భాలు ఉన్నాయి. మీది లీకు. తలకిందులు చేస్తే ఆ రసాయనం మీ మీదికే వస్తుంది, చేయకండి.

బాటసారి:
నీలిమంట గారి ఊహ నిజమైంది. కింది జాలీకి చలికాలపు మూత లోపలివైపు నుంచి తొడిగి ఉంది, బండి కొన్ననాటి నుంచీ ఉందేమో, బయటికి కనిపించలేదు. అది తీసి, వెనుక గోడకు ఒక అల్యూమినియం రేకు వాలుగా బిగించాను. నిన్న మధ్యాహ్నం బయట 37 డిగ్రీలు, లోపల 6. ఫ్యాను పెట్టలేదు. పొగగొట్టం శుభ్రం చేసిన తేదీని ఫ్రిజ్ తలుపు లోపల ఒక చీటీ మీద రాసి అతికించాను.

నీలిమంట:
ఆ చీటీ మీదే రెగ్యులేటర్, రబ్బరు గొట్టం మీద ముద్రించిన తేదీలు కూడా రాసి పెట్టండి. పదకొండేళ్ల బండి అన్నారు కాబట్టి, ఆ గొట్టాన్ని ఇప్పటివరకు మార్చకపోయి ఉంటే వచ్చే ప్రయాణానికి ముందే మార్పించండి.